పచ్చ రసీదు అడిగే మస్తాన్ అన్న

బల్ల మీద ఫోను గుర్రుమంది. బ్యాంకు పంపిన ఆరంకెల ఓటీపీ. డైరీ రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఉద్యోగం మానేసి ఆరేళ్ళయినా ఆ చప్పుడు వింటే లేచి గదిలో అటూ ఇటూ తిరుగుతాను. నేనెవరో తేల్చుకోవడానికి వచ్చే అంకెలవి. ఏం చేసే హక్కు నాకుందో అవి అడగవు. ఆ తేడా నాకు నేర్పినవాడు కంప్యూటర్ ముట్టని మనిషి.

నరసరావుపేట శివార్లలో మిరప నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో మస్తాన్ అన్న గేటు చూసేవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. సరుకు పెట్టిన ప్రతి రైతుకూ పచ్చ రసీదు ఇచ్చేవాళ్ళం. అది చూపిస్తేనే టిక్కీలు, అంటే మిరప బస్తాలు, గేటు దాటేవి. ఒకసారి వాళ్ళ ఊరివాడే రసీదు లేకుండా వచ్చి నవ్వాడు.

"ఏంది బావా, నన్నెరగవా?"

"నిన్నెరగకపోవటమేంది? నీ పెళ్ళిలో వడ్డించిందే నేను. ఈ టిక్కీల్నే ఎరగను. రసీదు తియ్యి."

నేను గుమాస్తాగా చేరి, కంప్యూటర్ పని నేర్చుకుని, చివరికి రైతులు ఫోనులోనే గేట్ పాస్ తీసుకునే వెబ్‌సైటు తయారుచేశాను. ఫోనుకు వచ్చిన అంకెలు కొడితే లోపలికి రానిచ్చేది. ఆ తర్వాత ఏ లాట్ నంబరు, అంటే రసీదు మీదుండే సరుకు నంబరు, కొడితే దానికి పాస్ ఇచ్చేది. ఆ లాట్ ఆ రైతుదేనా అని అడగాలని నాకు తట్టలేదు. మనిషి ఎవరో తేలితే చాలనుకున్నాను.

రాజుపాలెం రైతొకాయన లాట్ నంబరులో ఒక అంకె తప్పు కొట్టాడు. పాస్ వచ్చింది. ఆయన దాన్ని డ్రైవరు ఫోనుకు పంపాడు. సరుకెక్కించిన లారీని మస్తాన్ అన్న గేటు దగ్గర ఆపి నాకు ఫోన్ చేశాడు.

"పేరు సరే తమ్ముడూ. ఈ టిక్కీలు ఆయనయ్యేనా? పచ్చ రసీదేది?"

"కంప్యూటర్ అన్నీ చూసింది అన్నా. వదిలెయ్యి."

"నువ్వు చెప్తన్నావా?"

"నేనే చెప్తున్నా."

"చానా కాలంగా ఎరిగినోడివి. నీ మాట మీద వదుల్తన్నా."

గేటు తెరవమనే అధికారం నాకు లేదు. అయినా నన్ను ఎరిగినవాడు కాబట్టి ఆయన తెరిచాడు. రసీదు చూడకుండా తెరిచింది జీవితంలో ఆ ఒక్కసారే.

రెండు గంటల తర్వాత నూజెండ్ల రైతు పచ్చ రసీదుతో వచ్చాడు. ఆయన టిక్కీలుండాల్సిన చోటు ఖాళీగా ఉంది. "ఏడాది పంటయ్యా," అంటూ నేల మీదే కూలబడ్డాడు. డ్రైవరుకు ఎన్నిసార్లు ఫోన్ చేశానో లెక్కలేదు. సత్తెనపల్లి దాటాక ఎత్తాడు. సాయంత్రానికి లారీ తిరిగొచ్చింది.

యజమాని అందరినీ నిలబెట్టి, "ఎవరు వదిలారు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే మస్తాన్ అన్న, "గేటు నాది. నేనే వదిలా," అన్నాడు. వదలమన్నది నేనేనని చెప్పకుండా ఊరుకున్నాను. మర్నాటి నుంచి ఆయన్ను గేటు దగ్గర కాకుండా గోనెసంచులు కుట్టే షెడ్డులో కూర్చోబెట్టారు. వెళ్తూ నాతో అన్నది ఒక్కటే: "ఆ మిషనుకు రెండోది కూడా అడగటం నేర్పు తమ్ముడూ."

ఆ రోజే నేర్పాను. అప్పటి నుంచి లాట్ ఎవరిదో సరిచూడకుండా అది ఒక్క పాస్ కూడా ఇవ్వలేదు. మస్తాన్ అన్న మాత్రం మళ్ళీ గేటు దగ్గరకు రాలేదు. కిందటేడు పోయాడు.

ఇందాక ఆనాటి డైరీ తీశాను. "మస్తాన్ అన్న పొరపాటున లారీ వదిలాడు" అని ఉంది, నా చేతిరాతే. దాని కింద "నేను వదలమంటే" అని రాసి సంతకం పెట్టాను. అయినా కుదురుగా కూర్చోలేకపోయాను. యజమాని ఇంటికి నడిస్తే పావుగంట. డైరీ చంకన పెట్టుకుని చెప్పులేసుకున్నాను.