నాలుగో రికార్డు ఎలా ఉందంటే

ఆ పాటగాడి పేరు నేను రాయను. రాస్తే ఎవరో ఒకరు తగులుకుని, అతని రికార్డుల్లో ఏది గొప్పదో నాకు పాఠం చెప్పడం మొదలుపెడతారు. ఆ విషయం మీద నేను చేసినంత వాదన ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చేసి ఉండరు. ఇప్పుడు నాకంత ఓపిక లేదు. అతను ఎక్కడో సముద్రాలవతల దేశం వాడు, గిటారు పట్టుకుని తను కట్టుకున్న పాటలే పాడేవాడు, పొలంలో పాడుకునే పాటలా ఎత్తుకుని మధ్యలో జాజ్‌లోకి వెళ్ళిపోయేవాడు. ఇంతవరకు తెలిస్తే చాలు.

మా ఇంట్లో అతన్ని "మనవాడు" అనేవాళ్ళం. అమ్మ మాత్రం "జలుబాయన" అనేది. అతని గొంతు ఎప్పుడూ కొంచెం పట్టేసినట్టే ఉండేది మరి.

అరవైల చివర్లో చోడవరంలో ఇలాంటి పాటలు వినేవాళ్ళు ఎవరుంటారు? మా ఇంటికి అవి రావడానికి కారణం మా బావ. మేనత్త కొడుకు. విశాఖపట్నం హార్బర్లో పని. ఓడల మీద వచ్చినవాళ్ళు అమ్ముకుని పోయిన రికార్డులు అక్కడ ఓ కొట్లో దొరికేవి. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, రికార్డు అట్ట నలగకుండా టవల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. అన్నయ్య దగ్గర సూట్‌కేసులా మూత తెరిచే ప్లేయరు ఉండేది. ఆ మూతలోనే స్పీకరు. నాన్న పోయాక ఇంటికి పెద్ద అన్నయ్యే. తాలూకా ఆఫీసులో గుమాస్తా. నేను రావికమతం రోడ్డులో ఓ పల్లెలో పిల్లలకి ఓనమాలు దిద్దించేదాన్ని.

రెండు మూడేళ్ళలో మనవాడి రికార్డులు మూడు మా ఇంట్లో చేరాయి. మొదటిదాంట్లో గిటారూ గొంతూ తప్ప ఇంకేమీ లేదు. రెండోదాంట్లో ఒక ఫ్లూటూ, మనిషెత్తు ఫిడేలులాంటి బేస్ వాయిద్యమూ వచ్చాయి. మూడోది పూర్తిగా పెళ్ళిబ్యాండు, డ్రమ్ములు, శాక్సఫోను, పియానో, ఒకటేమిటి. అన్నయ్యకి మొదటిది ప్రాణం. నాకు రెండోది. బావది మూడో రికార్డు పార్టీ.

ఆదివారం భోజనాలయ్యాక పంచాయితీ మొదలయ్యేది. ఉత్తినే నోటితో వాదించడానికి వీల్లేదు. ఏ పాట గురించి మాట్లాడితే ఆ పాట పెట్టి వినిపించాలి. కొత్త రికార్డు వస్తే ఒక పక్క అంతా అయ్యేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, అయ్యాక వరసగా తలా ఒక తీర్పు చెప్పాలి. ఇంగ్లీషు మాటలు సగం అర్థమయ్యేవి, మిగతా సగం మేమే కల్పించుకునేవాళ్ళం. ఆ కల్పనల మీద కూడా కొట్టుకునేవాళ్ళం.

బావా నేనూ ఒక్క మాట మీద ఉండటం మా ఇంట్లో ఎవరూ చూడలేదు. కూరలో ఉప్పు చాలిందంటే ఆయన చాల్లేదనేవాడు. పెద్దవాళ్ళు మా ఇద్దరికీ ముడిపెట్టాలని చూస్తుంటే, మూడో రికార్డు గొప్పదనే మనిషితో కాపరం ఎలా చేస్తానని అడిగాను. తర్వాత చేశాననుకోండి, అది వేరే సంగతి.

అన్నయ్య వాదించే తీరు వేరు. పెద్దగా అరిచేవాడు కాదు. మొదటి రికార్డు పెట్టి, ఒక పాటలో ఒకచోట చెయ్యెత్తి మమ్మల్ని ఆపేవాడు. గిటారు తీగ మీద వేలు జారుతూ సన్నగా కీచుమంటుంది అక్కడ. వినాలనుకున్నవాళ్ళకే వినపడేంత చప్పుడు.

"ఇన్నావేటే? కావాలంటే అది తీసీగలడు. ఉంచేసేడు సూడు. అందుకే నాకీడంటే ఇష్టం" అనేవాడు.

అది ఒప్పుకుంటే నా రెండో రికార్డు ఓడిపోతుంది కాబట్టి, చెయ్యి తుడుచుకోకుండా వాయించినట్టున్నాడని వెక్కిరించేదాన్ని. మనసులో మాత్రం ఆ చప్పుడు కోసం నేనూ చెవులు రిక్కించేదాన్ని.

ఒక ఏడు చెరుకు సీజన్లో అన్నయ్య సణుగుడు మొదలుపెట్టాడు. వీధిలో ఫ్యాక్టరీకి పోయే చెరుకు బళ్ళ రొదలో పాట సరిగ్గా వినబడటం లేదన్నాడు. బళ్ళు ఎప్పుడూ ఉన్నవే. సీజనయిపోయి బళ్ళు ఆగాక ఓల్టేజీ లేదన్నాడు. ఆ మాట ఎవరైనా నమ్ముతారు, ఆ రోజుల్లో మా బల్బులు ఎర్రగా మిణుకుమనేవి. తర్వాత ప్లేయరు ముల్లు అరిగిపోయిందన్నాడు. బావ విశాఖపట్నం నుంచి కొత్త ముల్లు తెచ్చి బిగించాడు. కొత్త ముల్లుతో విని, అన్నయ్య మొహం చిట్లించి, అసలు ఆ రికార్డే బాగోలేదన్నాడు. నీళ్ళమజ్జిగలా పల్చగా ఉందట. ఇన్నాళ్ళూ దాన్ని ఎలా నెత్తిన పెట్టుకున్నానా అని తనకే ఆశ్చర్యంగా ఉందట. మూడోదాంట్లో అయితే సరుకుందట.

నాకు ఒళ్ళు మండిపోయింది. పార్టీ ఫిరాయించిన ఎమ్మెల్యే అని పేరు పెట్టి, మంచినీళ్ళిచ్చినా "తాగండి ఎమ్మెల్యేగారూ" అనే ఇచ్చేదాన్ని. అన్నయ్య నవ్వేవాడు కానీ ఎదురు చెప్పేవాడు కాదు. సౌండు మాత్రం వారం వారం పెంచుతూ పోయాడు. అమ్మ వంటింట్లోంచి ఏమీ అనకుండా తొంగి చూసి వెళ్ళిపోయేది. బావ మొదట సంబరపడ్డాడు, ఆ తర్వాత డీలా పడ్డాడు. తనవైపు ఇంకొకడు వచ్చేసరికి ఆయనకి వాదనలో మజా పోయింది.

ఆ వేసవిలో ఓ ఆదివారం బావ మొదటి రికార్డు పెట్టాడు. అన్నయ్యని మళ్ళీ పాత పార్టీలోకి లాగి వాదన రగిలిద్దామని ఆయన ఎత్తు. అన్నయ్య కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళతో తాళం వేస్తూ కూర్చున్నాడు. పాట సగంలో కరెంటు పోయింది. గొంతు సాగి, మూలిగి, రికార్డు ఆగిపోయింది. బావా నేనూ ఉసూరుమన్నాం.

అన్నయ్య తాళం వేస్తూనే ఉన్నాడు.

నేను బావ మొహం చూశాను. ఆయన నా మొహం చూశాడు. గదిలో ఈగ వాలినా వినబడేంత నిశ్శబ్దం. అన్నయ్య వేళ్ళు ఎక్కడా తప్పకుండా ఆ పాట చివరిదాకా నడిచి, సరిగ్గా అది ఆగాల్సిన చోట ఆగాయి. కళ్ళు తెరిచి, "సూసేవా, ఎంత సప్పగుందో" అన్నాడు. మేమిద్దరం తనవైపే గుడ్లప్పగించి చూస్తుంటే, ప్లేయరు వైపు చూసి, పైన ఆగిపోయిన ఫ్యాను వైపు చూశాడు. అప్పుడు అతని మొహంలో రంగు మారింది. అంతవరకు తనకీ తెలియదనే అనుకుంటున్నాను. బళ్ళనీ, ఓల్టేజీనీ, ముల్లునీ నిజంగానే నమ్మాడు.

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "మా నాయనకీ ఇలాగే మొదలయ్యింది" అంది. అంతకు ముందే ఆవిడకి అనుమానం ఉందని, పైకి అంటే నిజమైపోతుందని భయపడి ఊరుకుందని అప్పుడు తెలిసింది.

విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన పంగలకర్రలా చీలిన ఇనప కడ్డీ ఒకటి మోగించి అన్నయ్య నుదుటి మీదా, చెవుల వెనకా ఆనించాడు. ఇది వంశంలో వచ్చేదనీ, ముందు సన్నటి చప్పుళ్ళు పోతాయనీ, తర్వాత మిగతావనీ, మందులు గానీ ఆపరేషను గానీ లేవనీ చెప్పాడు. మంచిగానే చెప్పాడు పాపం. అన్నయ్య ఆయన పెదాల వైపే చూస్తూ తల ఊపాడు. ఇంకో డాక్టరు, ఆయన తర్వాత మరో డాక్టరు, అందరిదీ అదే మాట. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు వేసింది. కె.కోటపాడు నుంచి ఎవరో పసరు తెచ్చి పోశారు. అమ్మ వినాయకుడికి మొక్కుకుంది. నేనేం చేశానంటే, గడియారం చెవి దగ్గర పెట్టుకుని నాకు వినబడుతోందో లేదో చూసుకునేదాన్ని. అంతకంటే నా చేతిలో ఏముంది?

చొక్కా జేబులో పెట్టుకునే మిషను ఒకటి కొన్నాం. దాన్నుంచి చెవికి వైరు. మనుషుల మాటలకి అది కొంతకాలం పనికొచ్చింది కానీ, పాట దగ్గర పెట్టుకుంటే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుందని పీకి పడేశాడు. ఫైళ్ళు మాట్లాడవు కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదు. మూడేళ్ళు తిరిగేసరికి మాటలకి కూడా ఆ మిషను పనికిరాకుండా పోయింది.

వింత ఏమిటంటే, చెవులు పూర్తిగా పోయాక అన్నయ్య మళ్ళీ మొదటి రికార్డు పార్టీలోకి వచ్చేశాడు. ఇప్పుడు అది చాలా స్పష్టంగా వినబడుతోందని కణత మీద వేలితో కొట్టి చూపించాడు. చిన్న చప్పుడు కూడా పోలేదట. ఆదివారం పంచాయితీ ఆపొద్దన్నాడు. తనే ముల్లు పెట్టేవాడు. రికార్డు మీద గీతల మధ్య ఎడం చూసి ఏ పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పేవాడు. మేం నోళ్ళు బార్లా తెరిచి, చేతులు తిప్పుతూ అరిచేవాళ్ళం. అంత గొంతు చించుకుని అరుస్తూ, ఫలానా చోట ఫ్లూటు ఎంత మెత్తగా వచ్చిందో చెప్పాలంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. వీధిలోవాళ్ళు మా ఇంట్లో ఆస్తి గొడవలనుకున్నారు.

ఒకసారి ఇక వద్దులే, నువ్వే గెలిచావని చేత్తో సైగ చేశాను. అన్నయ్యకి చాలా కోపం వచ్చింది.

"ఆఫీసులో ఏటన్నా ఔనంతన్నారు. బజార్లో ఏటన్నా ఔనంతన్నారు. సెవిటోడితో ఎవుడు దెబ్బలాడతాడు? మీరిద్దరే మిగిలేరు. మీరూ ఔనంటే నేనెవుడితో మాటాడను?"

అప్పట్నుంచి మేం ఒక్కసారి కూడా ఔననలేదు.

అలా ఉండగా మనవాడి నాలుగో రికార్డు వచ్చింది. ఇన్నేళ్ళు ఊరుకుని మళ్ళీ పాడాడట. బావ కొట్లో దాన్ని చూసి పాత అలవాటు కొద్దీ కొనేశాడు. బస్సు అనకాపల్లి దాటాక గానీ చేసిన పని ఏమిటో బుర్రకి తట్టలేదట. చోడవరంలో దిగి, దాన్ని ఎక్కడ దాచాలో తెలియక టవల్లోనే తెచ్చాడు. అన్నయ్య వీధరుగు మీదే ఉన్నాడు. ఆ టవలు చుట్టడం చూస్తే లోపల ఏముందో అతనికి తెలియదా? చేతిలోంచి లాక్కుని, అట్ట మీద బొమ్మ చూసి, మనవాడికి జుట్టు నెరిసిందని నవ్వాడు.

మొదటి మూడూ అతని తలలో ఉన్నాయి. ఇది లేదు. ఎప్పటికీ రాదు. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

అన్నయ్యే ముల్లు పెట్టాడు. పద్ధతి ప్రకారం ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ పాటల్ని ద్వేషించడానికి సిద్ధపడి కూర్చున్నాను. చెత్తగా ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. మనవాడు మొదటిదాంట్లోలాగే ఒక్క గిటారుతో ఎత్తుకున్నాడు. గొంతు ముసలిదైపోయింది. దాని వెనక ఎక్కడో దూరంగా ఫ్లూటు, ఇంకా వెనక శాక్సఫోను, ఏదీ దేనికీ అడ్డం రాకుండా. ఇన్నేళ్ళూ మేం ముగ్గురం మూడువైపులా లాగినదంతా అతను ఒక్కచోట కూర్చోబెట్టాడు. ఇక వాదించడానికి ఏమీ మిగల్లేదు. బుగ్గ లోపల పళ్ళతో కొరుక్కుంటూ నేల వైపు చూస్తూ కూర్చున్నాను. బావ కిటికీ వైపు తిరిగాడు. అన్నయ్య రికార్డుని చూడటం లేదు, మమ్మల్ని చూస్తున్నాడు.

పక్క అయిపోయింది. బావ ముల్లు తీశాడు.

తీర్పు చెప్పమన్నట్టు అన్నయ్య గడ్డం ఎగరేశాడు. బావ చెయ్యి అడ్డంగా ఆడించి, చచ్చు రికార్డు, ముసలాడికి సరుకయిపోయిందని అరిచాడు. మేమేమీ ముందుగా కూడబలుక్కున్నది కాదు. నా వంతు వచ్చేసరికి నా నోటికీ అదే వచ్చింది. ఏమీ లేదన్నయ్యా, అన్నిటికంటే ఇదే అధ్వాన్నం అని గట్టిగా అన్నాను. నీకు పోయిందేమీ లేదని చెప్పడానికి అంతకంటే దారి కనబడలేదు.

అన్నయ్య బావని చూశాడు, నన్ను చూశాడు. చెవులు పోయాక అతని గొంతు పెద్దదైపోయింది, మెల్లగా మాట్లాడటం మర్చిపోయాడనుకునేవాళ్ళం. ఆ రోజు మెల్లగానే అన్నాడు.

"మీరిద్దరూ ఒక్కమాటే అన్నారు" అన్నాడు. ప్లేయరు మీది రికార్డు వైపు చూసి, "అంత బాగుందేటి?" అన్నాడు.

నా వల్ల కాలేదు. తల ఊపాను. కళ్ళనీళ్ళు ఆగలేదు. అన్నయ్య లేచి రికార్డు తిప్పి పెట్టాడు.

"రెండో పక్క మీరింకా ఇన్లేదు కదా" అన్నాడు.

ముల్లు పెట్టి, కుర్చీ ఈడ్చుకుని, ప్లేయరుకి వీపు పెట్టి మాకెదురుగా కూర్చున్నాడు. పాట మొదలైంది. అన్నయ్య మా ఇద్దరి మొహాల్లోకి చూస్తూ వింటున్నాడు.