సాక్షీభావం అన్నారు, డీపర్సనలైజేషన్ అన్నారు: బ్లాక్‌టౌన్ దాకా నా ప్రయాణం

మొన్న శనివారం. ఉదయం ఎనిమిదిలోపు ఇడ్లీ పిండి రుబ్బాను, రెండు విడతల బట్టలు ఉతికి ఆరేశాను, మావారి మాత్రలు వారానికి సరిపడా డబ్బాలో సర్దాను. మూడు పనులూ అయ్యాయి గానీ ఒక్కటీ నేను చేసినట్టు లేదు. వేరెవరో చేస్తుంటే మూల నిలబడి చూసినట్టుంది. మావారి గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి నాలుగు నెలలుగా ఇదే వరస. సత్సంగంలో చెబితే, దాన్ని నడిపే శారద ఆంటీ చేతులు జోడించి, "ఇది సాక్షీభావం అమ్మా! ఇరవై ఏళ్ళుగా ధ్యానంలో కూర్చుంటున్నా మాకు రాలేదు" అని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. అయితే పోయిన వారం మా అమ్మాయి కావ్య, యూనివర్సిటీలో సీటు వచ్చిందని పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటే నాకు ఏమీ అనిపించలేదు. కన్నకూతురి మీద ప్రేమ పోవడమేనా ఆ గొప్ప స్థితి? అర్థం కాక, బ్లాక్‌టౌన్‌లో తెలుగు మాట్లాడే సైకాలజిస్టు దగ్గరికి బయలుదేరాను.

మేముండే ఎడ్మండ్‌సన్ పార్క్ నుంచి బ్లాక్‌టౌన్‌కి రైలు మారనక్కర్లేదు. కంబర్లాండ్ లైన్‌లో దాదాపు గంట, శనివారం కాబట్టి ఐదు డాలర్లలోపే. కావ్య కూడా వచ్చింది.

"సో అమ్మా, సెయింట్ అయిపోయావట? కెన్ ఐ స్టిల్ ఆస్క్ ఫర్ పులిహోర?"

"అడుగు. చేసేది ఎవరో నాకు తెలీదు."

నవ్వుతుందనుకున్నాను. కిటికీ వైపు తిరిగింది.

పదకొండింటికి సైకాలజిస్టు ముందు నా నోటుబుక్ పెట్టాను: రోజుకు ఎన్నిసార్లు ఇలా అవుతోంది, ఎంతసేపు, ముందు రాత్రి ఎన్ని గంటలు నిద్ర. ఆవిడ ప్రతి పేజీ చదివారు.

"దీన్ని డీపర్సనలైజేషన్ అంటామండీ. తన నుంచి తనే విడిపోయి బయట నుంచి చూసుకుంటున్నట్టు ఉండటం. పిచ్చి కాదు. భయం, నిద్రలేమి ఎక్కువైతే మనసు ఇలా పక్కకు జరుగుతుంది."

"మరి సాక్షీభావం?"

"అందులో ప్రశాంతంగా ఉంటుందంటారు. మీకు ఉందా?"

"లేదండీ. మా అమ్మాయి మీద ప్రేమ పోయిందేమోనని భయంగా ఉంది."

"పోతే భయమెందుకు వేస్తుంది?"

ఆ ప్రశ్నను నోటుబుక్‌లో రాసుకున్నాను. తిరుగు రైల్లో కావ్య మెల్లగా అడిగింది: "ఆ రోజు హగ్ చేస్తే... డిడ్ యు నాట్ కేర్?"

"నేను అక్కడ లేనే నాన్నా. రావాలని చూశాను, రాలేకపోయాను. నీ తప్పేం లేదు."

అది నా భుజం మీద తల పెట్టుకుంది. బరువు తెలిసింది. ఆ భుజం నాదేనా అంటే, ఇంకా గట్టిగా చెప్పలేను. రెండు పేర్లూ విన్నాను, రెంటికీ బయటి లక్షణాలు ఒకలాగే ఉన్నాయి. ఒకటి మాత్రం తేలింది: ముందు వరసలో కూర్చోవడం మానేస్తాను, రెండు వారాలకోసారి బ్లాక్‌టౌన్ వెళ్తాను. మీరూ వెళ్ళాలనుకుంటే ముందు మీ ఫ్యామిలీ డాక్టరు, అంటే జీపీ దగ్గర మెంటల్ హెల్త్ ప్లాన్ రాయించుకోండి, అది లేనిదే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ నుంచి ఫీజు డబ్బు తిరిగి రాదు. ఇక కావ్యకు నేను బాకీపడ్డ జవాబు, తిరుగు రైలు పారమట్టా స్టేషన్ దాటేలోగా తీరిపోయింది.