కృపానందం పేరు మీద పుస్తకాలు

కెరోలిన్ కోపం తగ్గే కోపం కాదని జమ్మలమడుగు చర్చిలో అందరికీ తెలుసు. క్షమించడం గురించి వాక్యం చెప్పినప్పుడల్లా పాస్టరయ్యగారు చివర్న ఆమె వైపు చూసేవారు. ఆమె కూడా తల వంచకుండా ఆయన వైపే చూసేది. వచ్చి అడిగినవాళ్లనైతే క్షమించొచ్చు, అడగనివాళ్లను ఎట్లా క్షమించేదని ఒకసారి మొహం మీదే అడిగేసింది. ఆ తర్వాత ఆయన ఆమె ముందు ఆ ఊసెత్తలేదు.

ఆ పగ పుట్టింది ప్రొద్దుటూరులో, ఒక ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో. ఆమె తండ్రి కృపానందం అక్కడ అటెండరు. అప్పట్లో లెక్చరర్లకు ఒక అలవాటుండేది. తమ కార్డు నిండిపోయాక ఇంకో పుస్తకం కావాలంటే, "నీ కార్డు మీద రాసుకోప్పా కృపానందం" అనేవాళ్లు. అటెండరు కాదంటాడా? రాసుకునేవాడు. మిగతావాళ్లు చదివి తెచ్చిచ్చేవాళ్లు. లైబ్రరీ ఇన్‌ఛార్జిగా ఉన్న లెక్చరరు శివప్రసాద్ సారుకు మాత్రం తీసుకుపోవడమే తెలుసు, తేవడం తెలియదు.

అంతలో కాలేజీకి కంప్యూటర్ వచ్చింది. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, ఫ్లాపీలో లైబ్రరీ ప్రోగ్రాము. నంబరు కొడితే చాలు, పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పేస్తుంది. దాన్ని తెప్పించింది శివప్రసాద్ సారే. పుస్తకం తిరిగి తెచ్చినవాళ్లే స్వయంగా చేతికివ్వాలి, తెర మీద పేరు పోయేదాకా అక్కడే నిలబడాలి అని రూలు పెట్టిందీ ఆయనే. కార్డుల్లో ఉన్నదంతా అందులోకి ఎక్కించారు. తిరిగి రాని పుస్తకాలేవో చూపించమని యాజమాన్యం అడిగింది. తెర నిండా కృపానందం పేరే వచ్చింది.

కృపానందం శివప్రసాద్ సారు వైపు చూశాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. సారు అద్దాలు తుడుచుకుని, "కంప్యూటర్ అబద్ధం చెప్పదు" అన్నాడు. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టంటే ఇదే మరి.

ఉద్యోగం పోయింది. అది పోతే పోయింది. చర్చిలో ఆదివారం ఆదివారం కానుకల సంచి పట్టుకుని బెంచీల మధ్య తిరిగేవాడు కృపానందం. ఆ ఆదివారం సంచి వేరేవాళ్ల చేతికిచ్చారు. ఆయన పోయి వెనక బెంచీలో కూర్చున్నాడు. ప్రభువు పిలిచేదాకా ఆ బెంచీ నుంచి ముందుకు రాలేదు.

కెరోలిన్ పట్టుబట్టి లైబ్రరీ చదువు చదివి, అదే కాలేజీలో లైబ్రేరియనుగా చేరింది. అప్పటికి శివప్రసాద్ సారు వేరే కొలువుకు వెళ్లి, ఆపైన పులివెందులలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. యంత్రాలు మారినా ఆ పాత ప్రోగ్రామును మాత్రం ఆమె కొత్త యంత్రంలోకి ఎక్కించుకుంటూనే వచ్చింది. తండ్రి పేరు కింద ఉన్నవి కొట్టేయమని వచ్చిన ప్రతి ప్రిన్సిపాలూ చెప్పారు. ఒక్క బటన్ పని.

"కొట్టేస్తే మాఫీ చేసినట్టయితాది. మా నాయన మాఫీ అడగలే" అనేది కెరోలిన్.

రాష్ట్రం రెండయిన కొన్నేళ్లకు ప్రిన్సిపాల్ ప్రశాంతి మేడం కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించింది. మారే రోజున పాత బాకీలన్నీ రద్దు చేస్తామంది. అంటే తండ్రి దొంగగానే చెరిగిపోతాడు. అది చాలనట్టు, అదే సభలో తొలి కంప్యూటర్ తెచ్చిన పెద్దమనిషిగా శివప్రసాద్ సారుకు సన్మానమట. ఆయన తన ఇంటి పుస్తకాలు కాలేజీకి విరాళమిస్తానన్నాడు. పోయి తెమ్మని కెరోలిన్‌నే పంపారు.

పులివెందులలో ఆయన కోడలు బీరువా తెరిచి చూపించింది. కెరోలిన్ ఒక పుస్తకం తీసింది. కాలేజీ ముద్ర ఉండాల్సిన మొదటి పేజీ చింపేసి ఉంది. ఆమె చెయ్యి దానంతటదే ముప్పైమూడో పేజీకి పోయింది. లైబ్రరీ పుస్తకానికి లోపల ఎక్కడో ఒక పేజీలో గుట్టుగా ఇంకో ముద్ర వేస్తారు. ఏ పేజీలో వెయ్యాలో ఎంచుకునే పని ఆ కాలేజీలో అటెండరుకే వదిలేశారు. క్రీస్తు బతికిన ఏళ్లని కృపానందం ముప్పైమూడు ఎంచుకున్నాడు. అది పట్టించుకునే తీరిక లెక్చరర్లకెక్కడిది? ముద్ర ఉంది, నంబరుతో సహా, తండ్రి చేత్తో వేసింది. ఇంకోటి తీసింది. అందులోనూ ఉంది. ఇన్నేళ్లుగా తన బీరువాలో ఉన్నవి తనవేననుకోవడం సారుకు అలవాటైపోయింది. కెరోలిన్ అన్నీ కట్టలు కట్టి తెచ్చుకుంది.

సభలో పాత ప్రోగ్రామును అందరికీ చూపించాలని వేదిక మీద తెర పెట్టారు. శాలువా కప్పడం అయ్యాక కెరోలిన్ సారును బల్ల దగ్గరికి పిలిచింది. ఒక పుస్తకం ఆయన చేతికిచ్చి, తిరిగి తన చేతికిమ్మంది. నంబరు కొట్టింది.

"పేరు చదవండి సార్."

ఆయన చదివాడు. కృపానందం. పేరు పోయింది. ఇంకోటిచ్చింది. మళ్లీ కృపానందం. ముందు వరసలో కూర్చున్న పాత లెక్చరర్లు తలలు దించుకున్నారు. ఆపుదామని లేచిన ప్రశాంతి మేడం, కెరోలిన్ తెరిచి చూపిన ముప్పైమూడో పేజీలో కాలేజీ ముద్ర చూసి కూర్చుండిపోయింది.

"చాలమ్మా" అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ.

"తెర మీద పేరు పోయేదాకా నిలబడాల సార్. మీరు పెట్టిన రూలే."

నిలబడ్డాడు. కట్టలన్నీ అయిపోయినా తెర మీద ఒక పుస్తకం మిగిలింది. అది ఎక్కడుందో తనకు గుర్తులేదన్నాడు సారు. కెరోలిన్ దాన్ని తండ్రి పేరు మీద నుంచి తీసి, శివప్రసాద్ అని కొట్టింది. కృపానందం పేరు కింద ఏమీ లేదు.

"ఇది కొత్త దాంట్లోకి పోతాది సార్, మీ పేరుతోనే. మేడం రద్దు చేసేది పాత బాకీలు. ఇది ఈ పొద్దుది."

"ఒక్క పుస్తకమే గదమ్మా, కొట్టేయ్" అని బతిమాలాడాయన.

కెరోలిన్ తెర వైపు చెయ్యి చూపింది.

"నేనేం చేసేది సార్? కంప్యూటర్ అబద్ధం చెప్పదు."