మేస్త్రి మావ విన్న చప్పుళ్ళు

మేస్త్రి మావ పోయాడన్న కబురు నాకు డ్రైవర్ల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే ఒడ్డున చేపల పెట్టెల మీద ఐసు వేయిస్తుంటే ఫోను మోగింది. ఎవరి పెళ్ళిలోనో తీసిన ఆయన ఫోటో, దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. నేనూ ఒక దండం పెట్టి ఫోను జేబులో వేసుకున్నాను. ఐసు కరిగేలోపు లోడు చేర్చాలి కదా. నరసన్నపేటలో చేపలు దింపేశాక గానీ ఏడుపు రాలేదు. అందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన మాకు చుట్టం కాదు. వాళ్ళు వరి పండించేవాళ్ళు, మేం వేటకు పోయేవాళ్ళం. మా నాన్న ఆయన్ని బావా అని పిలిచేవాడు కాబట్టి నాకు మావ అయ్యాడు. నరసన్నపేట దగ్గర హైవే పక్కన ఆయనదొక రేకుల షెడ్డు. బండి తెచ్చినవాడు నోరు తెరిచి రోగం చెప్పబోతే ఆయనకు మండేది. "నువ్వాగెహె! ముందు బండిని సెప్పనీ," అనేవాడు. సీటుకు గ్రీజు అంటకుండా తన తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు. ఇంజన్ ఆడుతున్నంతసేపూ టీ ముట్టేవాడు కాదు. తాగే చప్పుడు అడ్డొస్తుందట. చివరికి చల్లారిన టీ తాగుతూ టీ కొట్టువాణ్ణి తిట్టేవాడు.

మా నాన్న బోటులో తన వాటా అమ్మి నాకో పాత పికప్ కొనిచ్చాడు. ఏడాది తిరక్కుండా దానికి చప్పుడు పట్టుకుంది. స్టార్టు చేసి ఊరికే నిలబెడితే చాలు, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు టక్ టక్‌మనేది. పరుగెత్తిస్తే తగ్గేది. ముందు వేరేచోట చూపిస్తే, ఇంజన్ మొత్తం దింపాలి, పదిహేను రోజులు పడుతుందన్నారు. చేపలు బాగా పడే రోజులవి. బండి ఆగితే మా ఇంట్లో పొయ్యి ఆగినట్టే. నాన్న ముఖంలోకి చూడలేకపోయాను.

నాన్నా నేనూ బండి తీసుకెళ్తే, మేస్త్రి మావ బానెట్ ఎత్తి, పొడవాటి ఇనపకడ్డీ ఒక కొస ఇంజన్ మీద, ఇంకో కొస చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత డీజిల్ పైపుల నట్లు ఒక్కొక్కటే కొంచెం వదులు చేసి, మళ్ళీ బిగించుకుంటూ వచ్చాడు. మూడో పైపు వదులు చేయగానే బండి కుంటినట్టు ఊగింది గానీ, ఆ చప్పుడు టక్కున ఆగిపోయింది.

"ఇంజన్‌కేటీ కానేదు. ఈ పైపు కింద డీజిల్ చిమ్మే నోజిల్ పోనాది," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "డీజిలెక్కడ పోయించావు?" అని అడిగాడు.

"బంకులోనే మావా," అన్నాను.

ఆయన డీజిల్ ఫిల్టరు అడుగున పేరుకున్న నీళ్ళు గ్లాసులోకి వంపాడు. వేలు ముంచి నాలిక్కి తగిలించుకుని ఉమ్మేశాడు. నేను దొరికిపోయాను. మా అన్న బోటులో మిగిలిన డీజిల్ డబ్బాలు తెచ్చి బండిలో పోస్తున్నాను మరి. అలల్లో తడిసిన డబ్బాలవి, ఉప్పునీళ్ళు కలుస్తాయని నాన్న వద్దన్నా వినలేదు.

"పాత బండి కదా బావా, నోజిల్ అరిగిపోనాది," అని నాన్నకు చెప్పి పంపేశాడు. నాన్న అటు వెళ్ళాక నా చెవి మెలిపెట్టాడు. "సముద్రాన్ని తెచ్చి టాంకులో పోసీసి నాకు బంకని సెప్తావేట్రా? అబద్ధం సెప్పితే నానేటి బాగు సెయ్యగల్ను?"

టాంకు కడిగించి, ఫిల్టరు మార్చి, కొత్త నోజిల్ వేశాడు. సాయంత్రానికి బండి మెత్తగా ఆడింది. నాన్నకు ఆ సంగతి నేటికీ తెలియదు.

అలాంటి మనిషి తన సంగతి మాత్రం దాచుకున్నాడు. రెండేళ్ళ కిందట ఆయన పాదాలు పొంగి చెప్పుల్లో పట్టకపోవడం చూశాను. అడిగితే, "దినమంతా నిలబడ్డోడికి పొంగవేట్రా," అని నొప్పి బిళ్ళ మింగాడు. గట్టిగా అడగాల్సింది. అడగలేదు. నాకు లోడుకు టైమవుతోంది. పరీక్ష చేయించేసరికి కిడ్నీలు రెండూ పోయాయి. మా వైపు ఆ జబ్బు కొత్త కాదు, ప్రతి ఊళ్ళోనూ ఒకరింట్లో ఉంటుంది. "బండయితే కొట్టుకుంటాది. ఇది సప్పుడే సెయ్యనేదురా," అన్నాడు, అత్త పక్కకు వెళ్ళాక.

వారానికి రెండుసార్లు శ్రీకాకుళంలో డయాలసిస్. వీలైనప్పుడల్లా నేనే తీసుకెళ్ళేవాణ్ణి. చేపల కంపు బండి అని నేను సిగ్గుపడితే నవ్వేవాడు. పోనుపోను నవ్వడం మానేశాడు, తర్వాత మాట్లాడటమూ మానేశాడు.

చివరిసారి తీసుకెళ్ళేనాటికి రెండు రోజుల ముందు నుంచి బండికి చిన్న చప్పుడు మొదలైంది. నిజం చెప్పాలంటే సంతోషించాను. ఇది చెవిన పడితే మనిషి లేచి కూర్చుంటాడు, నన్ను తిడతాడు, బానెట్ ఎత్తమంటాడు. తిడితే చాలు, ఇంకొన్నాళ్ళు ఉంటాడని నాకు నేనే లెక్క కట్టుకున్నాను. తిరిగి వస్తుంటే దారిలో పక్కకు తీసి, ఇంజన్ ఆపకుండా నిలబెట్టాను. టక్ టక్‌మని స్పష్టంగా కొట్టుకుంటోంది.

"ఇన్నావా మావా?"

"ఏటి?"

"బండి."

చాలాసేపు విన్నాడు. "బాగున్నాదిరా. పోనీ," అన్నాడు.

"అవును మావా, బాగున్నాది," అని, ఆ చప్పుడు మునిగిపోయేలా యాక్సిలరేటర్ తొక్కాను.

ఆయన తల కిటికీకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కుడిచెయ్యి మాత్రం ముందుకు చాపి, జ్వరం వచ్చిన పిల్లాడి ఒంటి మీద వేసినట్టు, డాష్‌బోర్డు మీద వేశాడు. నరసన్నపేట వచ్చేదాకా తియ్యలేదు.