గోధుమ నేలకు రమ్మన్న అంకుల్

అంకుల్ పోయారని ఫోన్‌లో చెబితే అమ్మ, "పాపం. ఇక ఆ భూముల పిచ్చి నీకూ వదులుద్దిలే" అంది. ఎవరేం చెబితే దాని వెంట పోయే పిల్లనని మా ఇంట్లో నా మీద ఎప్పటినుంచో ఉన్న ముద్ర. నిజానికి ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన మాట వెంట నేను ఒక్కసారీ పోలేదు. ఈ నాలుగు ముక్కలు రాయడం అందుకే.

కెనడాకి చదువుకోడానికొచ్చి, ఒషావా ఊళ్లో నేనూ మరో ముగ్గురమ్మాయిలూ అద్దెకున్న బేస్‌మెంట్‌కి పైన ఉండేవారాయన. పడమటి వైపు గోధుమలు పండే సస్కాచువాన్ రాష్ట్రంలో ముప్పయ్యేళ్లు నేలలు పరీక్షించే ఉద్యోగం చేసి, రిటైరై కూతురికి దగ్గరగా వచ్చారు. వాకిట్లో మంచు తోస్తూ, పార గోడకు ఆనించి మొదలుపెట్టేవారు.

"మీరంతా రైతుల పిల్లలే కదమ్మా. ఇక్కడ డోనట్లు అమ్ముకుంటూ కూర్చుంటారేం? అక్కడ బంగారం లాంటి నేల, చేసేవాళ్లు ముసలాళ్లయిపోయారు. ముందు పనిలో చేరండి. ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ వచ్చాక కొనుక్కోవచ్చు. మన వైపు రెండెకరాలు అమ్మితే అక్కడ చూపు ఆనినంత పొలం."

"ఆ చలికి చచ్చిపోతాం అంకుల్" అనేది మా రూమ్మేట్.

"మంచు కింద చలికాలపు గోధుమ మొలకే బతుకుతుంది. దానికంటే సుకుమారమా నువ్వు?"

ఒకసారి మా నాన్న వీడియో కాల్‌లో ఉండగా ఆయన కిందికొచ్చారు. నాన్న మిరప రైతు. మొదటి ప్రశ్నే, "బోరు ఎన్ని అడుగుల్లో పడుద్దండీ?"

"బోరు అక్కర్లేదండీ. మంచు కరిగిన తడి, నాలుగు వానలు. గోధుమకి అవి చాలు."

నాన్న మర్యాదగా తలూపి, ఆయన వెళ్లాక నాతో అన్నాడు: "బోరు లేని నేలని బంగారం అనేవాణ్ణి మన వైపు బ్రోకరంటారు. జాగ్రత్త."

నాకు నవ్వొచ్చింది. ఆ మాట రూమ్మేట్లకు మోశాను. అప్పటినుంచీ ఆయన మాకు 'బ్రోకర్ అంకుల్'. పేరు ఆయన చెవినా పడింది. "కమీషన్ కింద కాఫీ ఇవ్వండి మరి" అన్నారంతే. ఎవరు పెట్టారని అడగలేదు. అడిగినా ఒప్పుకునేదాన్నో లేదో.

నిరుడు మే నెలలో, "విత్తనం వేసే రోజుల్లో చూడాలమ్మా ఆ నేలని, నాతో రా" అన్నారు. సరేనన్నాను. తీరా రెండు రోజుల ముందు, వీకెండ్ షిఫ్టు దొరికిందని మానేశాను. ఒక్కరే వెళ్లొచ్చారు. పెరుగు డబ్బాలో కాస్త మట్టి తెచ్చి నా చేతికిచ్చి, "తడిపి వేళ్ల మధ్య నొక్కి చూడు. ఎలాంటి నేలో అదే చెబుతుంది" అన్నారు. తర్వాత చూస్తానన్నాను. ఆ డబ్బా పది నెలలు సింకు కిందే ఉండిపోయింది.

ఆయన పోయిన మూడో రోజు తీశాను. తడిపి, బొటనవేలితో నొక్కుతూ పోతే రెండంగుళాల పట్టీలా సాగింది, తెగలేదు. మా నల్లరేగడి సాగినట్టే. బోరు లేకున్నా తడిని పట్టి ఉంచే నేలన్నమాట. నాన్నకు వీడియోలో చూపించాను. ఇంకా దగ్గరగా పెట్టమని చూశాడు.

"ఆయన్ని ఇంకో నాలుగు మాటలు అడగాల్సింది" అన్నాడు.

ఆ నాలుగు మాటలూ నేనూ అడగలేదు.

నా చదువైపోయింది. వర్క్ పర్మిట్ చేతిలో ఉంది. సస్కాచువాన్‌లో ఒక గోధుమ పొలంలో పనికి అప్లై చేస్తే రమ్మన్నారు. ఏప్రిల్లో వెళ్తున్నాను.