ఆంటీ వేసిన కర్చీఫులు

ఆంటీ పోయారన్న సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆఫీస్‌కి వెళ్లే ట్రైన్‌లో కూర్చుని ఫోన్ తీశాను. పైన బ్యాడ్మింటన్ కోర్ట్ ఎవరు బుక్ చేశారన్న గొడవ, కింద మామిడిపళ్ల బాక్సుల ఆర్డర్లు, ఆ రెండిటి మధ్య ఆమె చావు. నిద్రలోనే పోయారని పక్కింటివాళ్లు రాశారు. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు, ఓం శాంతిలు వరసకట్టాయి. ఒకాయన తొందరలో మామిడిపళ్ల మెసేజ్‌కి ఓం శాంతి పెట్టి, తర్వాత డిలీట్ చేసుకున్నాడు. "ఫ్యూనరల్ ఎప్పుడో చెప్పండి, తప్పకుండా వస్తాం" అని ఒకరు రాస్తే మిగతావాళ్లు అదే మాట కాపీ కొట్టారు.

ఆ 'తప్పకుండా' చూడగానే నాకు ఏడుపు రావాల్సింది పోయి ఒళ్లు మండింది. ఆ మాట ఆంటీని ఏం చేసిందో దగ్గరుండి చూసినదాన్ని. మీకు ఆమె ఎవరో తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

ఎమ్మెస్ చదవడానికి వచ్చిన కొత్తలో ఫ్రీమాంట్‌లో ఆమె ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. తెనాలి మనిషి. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేసి రిటైరయ్యారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, ఆంటీ నోరు మంచిది కాదు. ఎయిర్‌పోర్ట్‌లో నా సూట్‌కేసులు కార్‌లో వేస్తూ ఆమె నాతో అన్న మొదటి మాట, "ఊరగాయలు బానే మోసుకొచ్చావు. బుర్ర కూడా తెచ్చుకున్నావా, కరీంనగర్‌లో పెట్టొచ్చావా?"

మొదటి శనివారం నేను గదిలో ముడుచుకుని కూర్చుంటే తలుపు కొట్టారు. "మీ అమ్మకి వీడియో కాల్ చేసి ఏడుస్తావు గానీ, లే, కారెక్కు." కొండలు దాటి తూర్పుకి చాలాసేపు డ్రైవ్ చేశారు. అక్కడ ఏడాదికోసారి తిరునాళ్లలా ఫెయిర్ జరిగే మైదానం ఉంది. దాని వెనక చిన్న మట్టి ట్రాక్, చుట్టూ చెక్క బెంచీల స్టాండ్లు, వాటి మీద సగం మందే జనం. అదే మా స్పీడ్‌వే క్లబ్, మట్టి మీద మోటార్‌సైకిల్ రేసులు నడిపేది. అప్పటికి అది నాది కాదనుకోండి.

"ఈ బండికి బ్రేకులుండవు" అన్నారు, ట్రాక్ పక్కన బండ్లు సిద్ధం చేసే పిట్స్‌లో ఒక మోటార్‌సైకిల్ చూపించి. "ఎడమకి తిరగడం తప్ప ఇంకోటి తెలీదు. సెల్ఫ్ స్టార్ట్ కూడా లేదు, వెనకనించి ఒకడు తోయాలి. నీ స్టూడెంట్ వీసా లాంటిదనుకో."

నలుగురు రైడర్లు ఒక్కసారి బయల్దేరారు. ఎడమ బూటుకి తొడిగిన ఇనప తొడుగు నేలకి రాస్తూ, బండిని పక్కకి పడేసి, పడకుండా మలుపు తిరుగుతున్నారు. వెనక చక్రం ఎగజిమ్మిన మట్టి నా నోట్లో పడింది. ఆంటీ పక్కనే ఉన్నారనుకుని తిరిగి చూస్తే లేరు. పైన చెక్క గదిలోకి ఎక్కి మైకు పట్టుకున్నారు. ఆ ట్రాక్ అనౌన్సర్ ఆమే! తెనాలి యాసలో సాగదీసిన ఇంగ్లిష్‌తో ఒక్కో రైడర్‌నీ ఉతికి ఆరేస్తున్నారు. పడ్డవాడు లేవడం ఆలస్యమైతే, "లేవరా దద్దమ్మా, మీ అమ్మ చూస్తోంది!" అని అచ్చ తెలుగులో అరిచేవారు. స్టాండ్లో తెల్లవాళ్లంతా "దద్దమ్మా!" అని అందుకునేవారు. ఒక కుర్రాడు ఆ మాటని బండి మీద పెయింట్ కూడా చేయించుకున్నాడు. ఆమె తిట్టని వారం రైడర్లకి దిగులుగా ఉండేది.

అసలు ఆమె అక్కడికి ఎలా చేరారంటే, ఆఫీస్‌లో ఒక కొలీగ్ ఈ రేసుల్లో రైడర్. టీమ్ మొత్తాన్ని రమ్మని పిలిచాడు. అందరూ తప్పకుండా అన్నారు. వెళ్లింది ఆమె ఒక్కరే. "తెల్లవాడి మొహం వాడిపోయి ఉందే, చూళ్లేకపోయాను. అందుకని వాణ్ణి గట్టిగా తిట్టాను, మైకు నాకిచ్చేశారు" అని నవ్వేవారు.

కర్చీఫుల అలవాటు కూడా అప్పటినుంచే. తెనాలి బస్టాండ్‌లో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు, ఎవరైనా రేసులకి వస్తామంటే చాలు, ముందే వెళ్లి బెంచీ మీద వాళ్ల పేర ఒక కర్చీఫ్ పరిచేవారు. గాలికి ఎగరకుండా పైన చిన్న రాయి. వచ్చినవాళ్లు కర్చీఫ్ తీసి ఆమె చేతికిచ్చి కూర్చోవాలి. నాది అంచుకి ఆకుపచ్చ గీతలున్నది. ఆ స్టాండ్లో ప్రతివారం తప్పకుండా మనిషి వచ్చి తీసుకున్న కర్చీఫ్ అదొక్కటే.

ఆమె నాకు చేసింది ఏమిటో కూడా చెప్పాలి. చదువయ్యాక చేరిన మొదటి ఉద్యోగంలో నాకు లే-ఆఫ్ అయినప్పుడు, వీసా గడువు ముంచుకొస్తుంటే, దుప్పటి కప్పుకుని పడుకున్నాను. వచ్చి దుప్పటి లాగేశారు. "ఎంత మొనగాడి బండైనా వెనకనించి ఒకడు తోస్తేనే కదిలేది. లే, నేను తోస్తాను." రోజూ పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి మాక్ ఇంటర్వ్యూలు చేసేవారు. "ఈ జవాబు వింటే నేను నీకు ఉద్యోగం కాదు, భిక్షం కూడా వెయ్యను" అనేవారు. అసలు ఇంటర్వ్యూలో ఎవరూ నన్ను అంత ఏడిపించలేదు. ఉద్యోగం వచ్చింది. నేనీ దేశంలో ఉన్నానంటే ఆ తోపు వల్లే.

ఏడాదికేడాది జనం పల్చబడ్డారు. పాత అభిమానులు ముసలివాళ్లయ్యారు, కొత్తవాళ్లు ఫోన్లో చూసి ఊరుకుంటున్నారు. మైదానం బోర్డువాళ్లు క్లబ్ నడిపే పెద్దాయనని పిలిచి ఒకటే మాట చెప్పారు. ఈ సీజన్‌లో స్టాండ్లు నిండితే లీజు పొడిగిస్తాం, లేకపోతే అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లకి ఇచ్చేస్తాం. ఆ పెద్దాయన ఒకప్పుడు రైడరే. రెండు మోకాళ్లూ ఆపరేషన్ చేయించుకున్న మనిషి, కుంటుకుంటూ వచ్చి ఆంటీ పక్కన కూలబడ్డాడు.

"దీనికింత ఏడుపెందుకు?" అన్నారు ఆంటీ తర్వాత నాతో. "ఆ మైదానం చుట్టూ కొత్త ఇళ్లన్నీ ఎవరివి? మనవాళ్లవి. సగం మంది వచ్చినా స్టాండ్లు చాలవు."

ఆ వేసవిలో ఆమె గడప గడపకీ తిరిగారు. నేను కార్ నడిపాను. ఒక ఇంట్లో వరలక్ష్మీ వ్రతం ఏర్పాట్లు జరుగుతున్నాయి. ఆంటీని చూసి ఆ ఇల్లాలు కుంకుమభరిణె పక్కకి జరిపింది. ఆంటీ ఆ చెయ్యి చూశారు. "మనవాళ్లు బొట్టు పెట్టి పిలిస్తే గానీ కదలరు. నా చేత్తో పెడితే మీకు పడదు. అందుకని నోటితో పిలుస్తున్నానమ్మా. శనివారం రేసులకి రండి" అన్నారు. "అయ్యో, అదేం మాట ఆంటీ! తప్పకుండా వస్తాం" అంది ఆమె. పక్కింటాయన ఇంకా నయం, నిజం చెప్పాడు. "ఆ సౌండ్‌కి మా బాబు పడుకోవట్లేదని మేం పిటిషన్ సైన్ చేశాం ఆంటీ. అయినా మీరు పిలిచారు కదా, తప్పకుండా వస్తాం." తెలుగు అసోసియేషన్ ప్రెసిడెంట్ గారైతే, "బస్ మాట్లాడి మరీ తీసుకొస్తానమ్మా, మీరు సీట్లు చూసుకోండి" అని మాటిచ్చారు.

ఆంటీ సీట్లు చూసుకున్నారు. డజన్లకొద్దీ కర్చీఫులు కొన్నారు. శనివారం మధ్యాహ్నం ఎండలో వంగి ఒక్కో బెంచీ మీదా ఒక్కోటి పరిచి రాళ్లు పెట్టారు. స్టాండ్లో ఒక పక్కంతా తెల్లగా మెరిసింది. రేసులు మొదలయ్యాయి. ఆమె పైనుంచి ట్రాక్ కన్నా ఎక్కువగా రోడ్డే చూశారు. ఒక్క కార్ లోపలికి తిరగలేదు.

తర్వాతి వారం కూడా అంతే, ఆపై వారం కూడా అంతే. ఒకరింట్లో బర్త్‌డే, ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం, పిల్లలకి మ్యాథ్ క్లాసులు. ఆమె మాత్రం వారంవారం కర్చీఫులు ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ పరిచేవారు. నాకు కోపం ఆగలేదు. "రానోళ్ల కోసం ఎందుకు ఆంటీ గిట్ల నడుం పడగొట్టుకుంటరు?" అన్నాను.

"వస్తామన్నారుగా. సీటు ఆపడం నా పని, రావడం వాళ్ల పని."

ఇక్కడే ఒక పొరపాటు జరిగింది. కర్చీఫ్ వేసి సీటు ఆపడమనేది మన బస్సులెక్కినవాళ్లకి తెలుస్తుంది గానీ, ఆ పాత అభిమానులకేం తెలుస్తుంది? రాళ్లు పెట్టిన తెల్లగుడ్డలు, వాటి మీద ఎవరూ కూర్చోరు, ఒకావిడ వారంవారం వాటిని శ్రద్ధగా మారుస్తుంది. అవి చనిపోయినవాళ్ల గుర్తులనుకున్నారు. అటుగా వెళ్తూ టోపీలు తీసేవారు. ఒక ముసలామె పూలు కూడా పెట్టింది. క్లబ్ పెద్దాయన ఒకరోజు గొంతు తగ్గించి ఆంటీని అడిగాడు, మీవాళ్లు ఇంతమంది పోయారా అని. ఆంటీ ఇంగ్లిష్‌లో "అవును, ఒకళ్లూ మిగల్లేదు" అన్నారు. కార్‌లో తిరిగి వస్తున్నప్పుడు ఆమె నవ్వుతారేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు.

బోర్డు అపార్ట్‌మెంట్లవాళ్ల కాగితాల మీద సంతకాలు పెట్టేసింది. ఆఖరి రేసుల రాత్రికి పోస్టర్లు వేశారు, 'చివరిసారి' అని. ఆ రాత్రి అందరూ వచ్చారు! ప్రెసిడెంట్ గారి బస్సు వచ్చింది. పిటిషన్ పెట్టినాయన బాబుని భుజాల మీద ఎక్కించుకుని వచ్చాడు. బిర్యానీ బాక్సులు, సెల్ఫీలు, పట్టుచీరలు. స్టాండ్లు కిటకిటలాడాయి. మనవాళ్లు తెల్లటి వరసలు చూసి, రాళ్లు కింద పడేసి, కర్చీఫులు పక్కకి నెట్టి కూర్చోబోయారు. క్లబ్ పెద్దాయన కుంటుతూ పరిగెత్తుకొచ్చి చేతులు అడ్డం పెట్టాడు. దయచేసి లేవండి, ఇవి పోయినవాళ్ల సీట్లు అన్నాడు.

ప్రెసిడెంట్ గారు తెల్లబోయి ఆంటీ గదికి వచ్చారు. "ఏంటమ్మా ఇది? ఆయనేదో పోయినవాళ్లంటాడు!"

"ఆయనన్నదాంట్లో తప్పేముంది?" అన్నారు ఆంటీ. పెద్దాయనకి మాత్రం ఇంగ్లిష్‌లో, చావు చూడ్డానికి వచ్చినవాళ్లు, కూర్చోనివ్వండి అని చెప్పారు. ఆ రాత్రి ఆమె ఎవర్నీ తిట్టలేదు. రైడర్ల పేర్లు మాత్రం చదివారు. పడ్డ కుర్రాడు నేలమీద నుంచే పైకి చూశాడు, దద్దమ్మ అంటారేమోనని. అనలేదు. బోర్డు మనిషి స్టాండ్లు చూసి, ఇంత జనం వస్తారని ముందే తెలిసుంటే బాగుండేదన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి కూడా ఆయన చేతులు కాలలేదు. కాలింది ఆంటీవి.

ఆ చలికాలమంతా ఆమె మంచిగా మాట్లాడారు. ఫోన్ చేస్తే "తిన్నావా అమ్మా" అనేవారు. నాకు భయమేసింది. నన్ను తిట్టమని ఒకసారి నిజంగానే బతిమాలాను. "ఓపిక లేదే" అన్నారు. స్టాండ్లు పీకేసిన ఫోటో ఎవరో గ్రూపులో పెట్టారు, ఇళ్ల రేట్లు పెరుగుతాయని. మామిడిపళ్ల రోజులు వచ్చేసరికి ఆమె లేరు.

ఫ్యూనరల్ గురువారం పొద్దున. నేను ఆంటీ కార్‌లోనే ముందుగా దహనవాటిక హాలుకి వెళ్లి డిక్కీ తీశాను. కర్చీఫుల సంచి అలాగే ఉంది, ఇస్త్రీ మడతలతో. గ్రూపులో తప్పకుండా వస్తామని రాసిన ప్రతివాళ్లకీ ఒక్కో కుర్చీ మీద ఒక్కోటి వేశాను. కసితోనే వేశాను. హాలు నిండా తెల్లగుడ్డలే.

పక్కింటివాళ్లు వచ్చారు, పురోహితుడు గారు వచ్చారు. మిగతావాళ్లు మీటింగ్ ఉందనీ, జూమ్ లింక్ పెట్టమనీ రాశారు. తర్వాత తలుపు తెరుచుకుని రైడర్లు వచ్చారు. పనులు మానుకుని, బూట్లకి మట్టితో, పాత అభిమానులు కూడా చేతికర్రలతో వచ్చారు. కుర్చీలు చూసి అందరూ వెనకగోడ దగ్గరే ఆగిపోయారు. కూర్చోండని నేను చేయి చూపించాను. క్లబ్ పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అవి పోయినవాళ్ల సీట్లు కదా అన్నాడు. ఆ మోకాళ్లతో నిలబడే ఉన్నాడు. నిజం చెప్పకుండా నేనూ వెళ్లి ఆయన పక్కనే నిలబడ్డాను.

మంత్రాలయ్యాక పురోహితుడు గారు, "ఎవరైనా చెయ్యి వెయ్యండి, పెట్టెని దహనం గదిలోకి తొయ్యాలి" అన్నారు. వరసల మధ్యనుంచి రాకుండా, గోడ వారగా చుట్టూ తిరిగి వచ్చి, పిట్స్‌లో బండ్లు తోసే కుర్రాళ్లే ఆమెని తోశారు. బండి మీద ఆమె తిట్టు రాయించుకున్న కుర్రాడు "దద్దమ్మా" అని మెల్లగా పిలిచాడు. తలుపు మూసుకుంది.

అందరూ వెళ్తున్నారు. ఏసీ గాలికి ఒక కర్చీఫ్ జారి నేల మీద పడింది. పెద్దాయన చూశాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, కుర్చీ పట్టుకుని కష్టంగా వంగి, దాన్ని తీసి దులిపి, ఎవరూ రాని ఆ కుర్చీ మీద మళ్లీ సరిగ్గా పరిచాడు. పైన పెట్టడానికి చుట్టూ రాయి కోసం వెతుక్కున్నాడు.