గోదాములో మొదట కళ్లు తెరిచేది

నాంపల్లి స్టేషను వెనక సందులో పెళ్లికార్డుల గోదాము ఒకటుంది. నేల నుంచి కప్పు దాకా కాగితమే. మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి. పైన ఒకటే గది. దానికి చెక్కమెట్లు, ఆ మెట్లు కూడా కాగితాల మధ్య నుంచే దిగుతాయి. ఆ గదిలో గోదాము యజమాని అక్క పొద్దున్నుంచి దీపాలు పెట్టేవేళ దాకా కూర్చుని కార్డులకు జరీదారం ముడులు వేస్తుంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఆమెకు చెవులు పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. తను మాత్రం సందంతా వినపడేలా మాట్లాడుతుంది.

ఆ సందులోనే ఒక పరుపుల దుకాణం కాలిపోయిన ఎండాకాలం, గోదాము సేటు అబిడ్స్‌లో నా కంప్యూటర్ రిపేరు దుకాణానికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కింద అంటుకుంటే మా అక్కకు ఎట్ల తెలుస్తది?" అన్నాడు.

పాత కంప్యూటరు ఒకటి తీసుకెళ్లి, దాన్ని నడిపించడానికి లైనక్స్ ఎక్కించాను. అది ఊరికే దొరుకుతుంది, ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. గోదాము కప్పుకు పొగ పసిగట్టే సెన్సర్, వీధివైపు సైరను, పైగదిలో ఆమె కళ్లకు ఎదురుగా ఎర్రలైటు బిగించాను. పొగ వస్తే సైరను సందుకు చెబుతుంది, లైటు ఆమెకు చెబుతుంది. చూస్తూ ఉండడానికి ఒక చిన్న కాపలా ప్రోగ్రాం రాశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లైనక్స్ నడిచే కంప్యూటరుకు కరెంటు తగిలాక ముందుగా కళ్లు తెరిచే ప్రోగ్రాంను ఇనిట్ అంటారు. దాని నంబరు ఒకటి. మిగతావన్నీ అది లేపితేనే లేస్తాయి. కన్నది పోయి దిక్కులేకుండా మిగిలినవాటిని చేరదీసేదీ అదే, చచ్చినవాటి శవాలు ఎత్తేదీ అదే. అది పోయిన రోజు లోపల ఇంకెవరూ మిగలరు. ఇనిట్‌లలో చాలా రకాలున్నాయి. ఏది మంచిదన్న దాని మీద అబిడ్స్ ఇరానీ హోటల్లో మా రిపేరువాళ్లు పోట్లాడుకుంటే రెండు చాయ్ కప్పులు పగిలాయి, ఒకాయనకు కుదిరిన పెళ్లి తప్పిపోయింది. పెళ్లి సంగతి నేను కలిపాను. కప్పులు మాత్రం నిజం.

గోదాములో నేను పెట్టింది అన్నిటికంటే పాతది. నాకు అలవాటైనది అదే.

నేను లెక్కలోకి తీసుకోనిది గురువారం. గురువారం సాయంత్రాలు దుకాణాలకు సాంబ్రాణి పొగ పట్టే ఊదు ఆయన వస్తాడు. ఆకుపచ్చ తలపాగా, ఒక చేతిలో నెమలీకల కట్ట, ఇంకో చేతిలో నిప్పుల గిన్నె. అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ఆయన పొగ తగలని గల్లాపెట్టె ఉండదు. దుకాణం హిందువులదా ముస్లింలదా అని ఆయనా చూడడు, వాళ్లూ చూడరు. సేటు తండ్రి కాలంలో ఆయన తండ్రి వచ్చేవాడట. గోదాము నాలుగు మూలలకూ పొగ తగిలితేనే బర్కత్, వ్యాపారం కలిసొస్తుందని సేటు నమ్మకం. ఎర్రగా కణకణమనే నిప్పు కాగితపు గుట్టల మధ్య నుంచి నడిచి వెళ్లడం మొదటిసారి చూసినరోజు చాయ్ కప్పు పక్కన పెట్టి నీళ్ల బకెట్టు కోసం వెతికాను. సేటు కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఆ పొగకు సైరను మోగుతుంది కాబట్టి, గోదాము తాళాలూ లెక్కలూ చూసే మున్షీకి కాపలా ప్రోగ్రాంను ఆపడమూ మళ్లీ మొదలుపెట్టడమూ నేర్పాను. కొన్నాళ్లకు ప్రింటరు బాగుచేయడానికి వెళ్తే కాపలా ఆగి ఉంది. ఆరోజు గురువారం కాదు.

"మున్షీ సాబ్, ఇదెప్పుడు ఆపారు?"

"ఊదు పట్టినప్పుడు."

"మళ్లీ మొదలుపెట్టలేదా?"

"పొద్దుగాల్ల గదే లేస్తదనుకున్న. కంప్యూటర్ గదే లేస్తది గదా!"

అది రాత్రీ పగలూ నడిచే కంప్యూటరు. పడుకుంటేనే కదా లేచేది. ఏ గురువారం ఆపాడో ఆయనకు గుర్తులేదు. పైకి వెళ్లి చూశాను. ఆమె ముడి వేసినప్పుడల్లా తలెత్తి లైటు వంక చూసి, అది వెలగలేదని నెమ్మదిగా ఇంకో కార్డు తీసుకుంటోంది. ఏ ప్రమాదమూ లేక వెలగని లైటుకూ, చచ్చిపోయి వెలగని లైటుకూ తేడా ఎలా కనబడుతుంది?

దాచి లాభం లేదు. అందరినీ కింద కూర్చోబెట్టి చెప్పాను.

"మొఖం నా దిక్కు పెట్టి చెప్పు తమ్ముడూ," అంది ఆమె. తిరిగాను.

"ఇనిట్ మార్చాలి అక్కా. ఇప్పుడున్నది ముసలిది. వరసగా అందరినీ లేపి పనికి పంపుతుంది. ఆ తర్వాత ఎవరు బతికున్నారో, ఎవరు పోయారో పట్టించుకోదు."

"అచ్చం మా సేటు లెక్కనే," అన్నాడు మున్షీ.

"నువ్వు జర నోర్ముయ్," అన్నాడు సేటు.

"రెండోది పెద్దది. ఇంటి పెత్తనమంతా దానిదే. కాపలాను ఆపి, గంట తర్వాత నువ్వే లేపు అని దానికి చెప్పి పెట్టొచ్చు."

"బస్. గదే పెట్టు," అన్నాడు సేటు. ఆయన ముఖంలో బరువు దిగింది.

"మరి గా గంట సంగతేంది?" అంది ఆమె.

సేటు మున్షీ వంక చూశాడు.

"నిప్పు లోపటికొచ్చేదే గా గంట. గప్పుడే కాపలా పండుకుంటే, మిగతా దినాలు మేల్కొని ఏం ఫాయిదా?"

స్టేషనులో ఏదో బండి కూత వేసింది. మా ముగ్గురికీ వినబడింది.

"మూడోది చిన్నది," అన్నాను. "ఒక్కో ప్రోగ్రాం నెత్తిన ఒక్కో కాపలాదారును కూర్చోబెడుతుంది. ప్రోగ్రాంను చంపితే మరుక్షణం మళ్లీ లేపుతుంది."

"సంపినా లేస్తదా?" మున్షీ కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

ఇలాంటప్పుడు నా నోరు ఊరుకోదు. "బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో పెట్టాను సాబ్. వాళ్లు విసుగొచ్చి కంప్యూటరును పాతసామాన్లవాడికి అమ్మేశారు. పొద్దున షట్టర్ ఎత్తితే లోపల బల్ల మీద ఉంది. తీగ కూడా తగిలించుకుని."

"తోబా తోబా," అన్నాడు మున్షీ.

"గదే పెట్టు," అంది ఆమె. "ఊదుకు మోగితే మోగనీ. నేను కిందికి దిగొస్త. ఏం లేకుంటే మళ్ల ఎక్కుత."

పెట్టాను. దాన్ని కూడా ఆపే ఆదేశం ఉంది. మున్షీకి చెప్పలేదు.

ఆ గురువారం సాయంత్రం మున్షీ ఫోను వచ్చింది. వెనక సైరను. "సాబ్, సంపిన. లేసింది. మళ్ల సంపిన. గీసారి నంబర్ మార్చుకొని వచ్చింది సాబ్!" కొత్తగా పుట్టిన ప్రోగ్రాంకు కొత్త నంబరు రావడం మామూలే. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

తర్వాతి గురువారాలు ఫోను రాలేదు. నా దుకాణంలో కూర్చునే గోదాము కంప్యూటరును చూడగలను. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: కాపలా నడుస్తోంది. మున్షీ అలవాటు పడ్డాడనుకున్నాను. ఒక గురువారం కోర్టు వైపు పని పడి, అటే గోదాముకు వెళ్లాను.

లోపల మనిషికి మనిషి కనబడనంత ఊదు పొగ. సైరను లేదు. తెర మీద చూస్తే కాపలా నడుస్తోంది. తలెత్తాను. సెన్సర్‌కు పాలిథిన్ సంచి తొడిగి ఉంది. ఊడిపోకుండా చుట్టూ జరీదారం. పైన ఆమె ముడివేసి కిందికి పంపిన దారమే.

"కంప్యూటర్ జోలికి పోలే సాబ్," అన్నాడు మున్షీ. "గా దయ్యాన్ని నేనెందుకు ముట్టుకుంట? కండ్లు మూసిన, అంతే. మొదటి వారమే మూసిన."

మొదటి వారం నుంచీ మూసే ఉంది. ఇనిట్‌కు తెలిసేది ఒక్కటే, కాపలావాడు బతికున్నాడా లేదా అని. వాడి కళ్లకు గంతలు కట్టారని దానికి ఎవరు చెబుతారు? సంచి పీకేశాను. సైరను అందుకుంది. పైన లైటు వెలిగి ఉంటుంది. ఆమె గోడ పట్టుకుని పొగలోంచి దిగి, మమ్మల్ని దాటి వీధిలోకి వెళ్లింది. సందులోవాళ్లంతా పరుగెత్తుకొచ్చారు. ఒకాయన బకెట్టుతో వచ్చాడు.

రెండో గురువారం వాళ్లు తలుపుల దగ్గర నిలబడి చూశారు. ఆ తర్వాత నేను మళ్లీ వెళ్లినప్పుడు సైరను చెవులు పగిలేలా మోగుతోంది, ఎదురుగా ఆటోవాడు సీట్లో పడుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"గురువారం గదా," అన్నాడు నాతో, తల తిప్పకుండానే.

ఆమె వీధిలో ఒక్కతే నిలబడి ఉంది. సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది. ఊదు ఆయనను సాగనంపడానికి సేటు గుమ్మంలోకి వచ్చాడు.

"గురువారం నాడే అంటుకుంటే ఎవరొస్తర్రా?" అంది.

"గట్లనకు అక్కా. నాయిన జమానా నుంచి..." సేటు మాట పూర్తి చేయలేదు. ఆమె అతని పెదాల వంక ఇంకాసేపు చూసి, పైకి వెళ్లి దారం డబ్బా తెచ్చుకుంది.

అప్పటి నుంచి గురువారాలు ఆమె అబిడ్స్‌లో నా దుకాణంలో కూర్చుంటుంది. విప్పదీసిన కంప్యూటర్ల మధ్య స్టూలు వేసుకుని ముడులు వేస్తుంది. ఎండ ఎదుటి మేడల వెనక్కి పోయేసరికి ఆమె చెయ్యి ఆగుతుంది.

"మోగుతున్నదా?" అంటుంది.

తెర చూసి ఆమె వైపు తిరుగుతాను. "మోగుతోంది అక్కా."

"మా తమ్ముడు బయటికొచ్చిండా?"

దానికి తెర మీద జవాబుండదు. అతను లోపల మూలన కళ్లు మూసుకుని, చేతులు కట్టుకుని ఉంటాడని ఇద్దరికీ తెలుసు. అతని ఫోనుకు చేస్తాను. మోగుతూనే ఉంటుంది, ఎవరూ ఎత్తరు.

"సైరను హోరులో వినబడదు కదా అక్కా," అంటాను.

ఆమె దారం ఒళ్లో పెట్టుకుని, నా పెదాలు మళ్లీ ఎప్పుడు కదులుతాయా అని చూస్తూ కూర్చుంటుంది.